ప్రోగ్రెసివ్ రాక్ : తీరిక ఎవరిది?

నాకు బాగా నచ్చిన ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బంలేవో రాసి ఇమ్మని మా కాలేజీ కుర్రాడొకడు అడిగాడు. ఒక కాగితం మీద ఏడెనిమిది పేర్లు రాసి ఇచ్చాను. రెండు వారాల తరవాత ఆ కాగితం పట్టుకొచ్చి, "మాస్టారూ, మీరు రాసిన మొదటిదాంట్లో మొదటి పాటే పద్దెనిమిది నిమిషాలున్నది. అంతసేపు కూచుని వినే తీరిక ఎవరికుంటుంది?" అన్నాడు. అతను పగలు క్లాసులకు వస్తాడు. సాయంత్రం నుంచి రాత్రి పదకొండు దాకా మోటారు సైకిలు మీద ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవేస్తాడు. కనక ఆ మాట వెటకారానికి అన్నది కాదు. నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

పాట బాగున్నదా, బాగులేదా అని అందరూ అడుగుతారు. అది వినే తీరిక ఎవరిది, దాన్ని కట్టే తీరిక ఎవరిది అని అడిగేవాళ్లు తక్కువ. అది మంచి ప్రశ్న అని నాకు తరవాత తోచింది. అతనికి నేను ఆలస్యంగా చెబుతున్న జవాబు ఇది.

నేను ఈ సంగీతం మొదట విన్నది 1980ల మొదట్లో, విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో. మా ఎదురుగదిలో వుండే మిత్రుడి అన్న ఓడలో పని చేసేవాడు. ఆయన తెచ్చిన క్యాసెట్లలో పింక్ ఫ్లాయిడ్ బృందంవారి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఒకటి. మాటలు సగం అర్థమయ్యేవి కావు. అయినా టేపు అరిగేదాకా విన్నాం. మాకు రాజకీయాలు నేర్పిన పెద్దాయన ఒకసారి గదికి వచ్చి, కాసేపు విని, "ఇది పొట్ట నిండినవాడి దిగులు" అని తేల్చేశారు. ఆ మాట నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. వినటం మానలేదు గాని, తలుపు వేసుకుని వినటం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన మాట సగం నిజమే అనిపిస్తుంది. ఆ కుర్రవాళ్ల పొట్ట నిండిన మాట వాస్తవం. అది ఎలా నిండింది, ఎవరు నింపారు అన్నది ఆయన అడగలేదు. నేనూ అడగలేదు.

ముందుగా పేరు సంగతి చెప్పాలి. 'ప్రోగ్రెసివ్' అన్న మాట మన సంఘం పేరులోనూ వున్నది గనక మనవాళ్లు కొందరు దాన్ని చూసి మోసపోతారు, మరి కొందరు మండిపడతారు. ఈ సంగీతానికి ఆ పేరు ఏ ప్రణాళికలోనుంచీ రాలేదు. పత్రికలవాళ్లూ, కంపెనీలవాళ్లూ వాడగా వాడగా స్థిరపడ్డది. 1969లో ఇ.ఎం.ఐ. కంపెనీ 'హార్వెస్ట్' అనే ముద్రనూ, ఫిలిప్స్ కంపెనీ 'వర్టిగో' అనే ముద్రనూ ప్రత్యేకించి ఇలాంటి రికార్డుల కోసమే తెరిచాయి. అంటే అభ్యుదయానికి దుకాణంలో ఒక అర కేటాయించారన్నమాట. అంతమాత్రాన ఆ అరలో వున్నదంతా బూటకం అనటానికి వీల్లేదు. సరుకుగా మారని కళ పెట్టుబడిదారీ సమాజంలో ఎంత వున్నది గనక?

పాట పొడుగు పాడేవాడి ఇష్టం మీద మాత్రమే ఆధారపడదు. 78 చుట్ల రికార్డు మూడు నిమిషాల చిల్లర మోగేది. జనం నాలుకల మీద పాటకు మూడు నిమిషాల కొలత ఆ విధంగా ఏర్పడింది. 1948లో కొలంబియా కంపెనీ లాంగ్‌ప్లే రికార్డును తెచ్చింది. ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాల పైన పడుతుంది. కాని చాలాకాలం దాన్ని శాస్త్రీయ సంగీతానికీ, నాటకాల పాటలకూ వాడుకున్నారు. యువకులకు చిన్న రికార్డులే అమ్మారు. 1967లో బీటిల్స్ వారి 'సార్జెంట్ పెపర్' వచ్చిన తరవాత ఆల్బం మొత్తాన్ని ఒక్క రచనగా చూడవచ్చునన్న ఊహ బలపడింది. ఇరవై నిమిషాల జాగా వున్నది. దాన్ని నింపగల మనుషులు కావాలి.

ఆ మనుషులు ఎక్కడినుంచి వచ్చారు? ఇక్కడే నా జవాబు మొదలవుతుంది. రెండవ ప్రపంచయుద్ధం తరవాత బ్రిటన్‌లో కార్మికోద్యమం సాధించుకున్న వాటిలో ఉచిత వైద్యం ఒకటి; పై చదువు చాలామందికి అందుబాటులోకి రావటం మరొకటి. 1962 విద్యాచట్టం ప్రకారం పూర్తికాలం డిగ్రీ చదివే విద్యార్థుల ఫీజులు స్థానిక ప్రభుత్వాలే కట్టేవి. పైగా, తల్లిదండ్రుల రాబడినిబట్టి జీవనభృతి ఇచ్చేవి. అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు. ఉద్యోగాలకు అంత కరువు లేదు గనక చదువైన మర్నాడే పనిలో చేరకపోతే కొంప మునుగుతుందన్న భయమూ అంతగా లేదు. పింక్ ఫ్లాయిడ్ వారిలో ముగ్గురు లండన్ రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో భవన నిర్మాణశాస్త్రం చదువుతూ కలుసుకున్నవాళ్లు. హెన్రీ కౌ అనే బృందం 1968లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఈ బృందాలకు మొదట కచేరీలు ఇచ్చినవి కూడా చాలావరకు కాలేజీల విద్యార్థి సంఘాలే. చేసేవాళ్లూ విద్యార్థులే, వినేవాళ్లూ విద్యార్థులే. పనిదినాన్ని కుదించటమే స్వేచ్ఛకు మొదటి షరతని మార్క్స్ 'పెట్టుబడి' మూడో సంపుటంలో వాదించాడు. బ్రిటిష్ కార్మికులు ఆ షరతును కొద్దిగా సాధించి, దాని ఫలితాన్ని తమ పిల్లల చేతా, పరాయివాళ్ల పిల్లల చేతా తినిపించారు. ఆ పిల్లలకు ఆ సంగతి తెలుసా అంటే, కొందరికే తెలుసు. నా అభిమాన ఆల్బంల జాబితా చాలావరకు ఆ కొందరి జాబితా.

కింగ్ క్రిమ్సన్ బృందం మొదటి ఆల్బం 'ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్' 1969 అక్టోబరు 10న వచ్చింది. దాని అట్టమీద భయంతో నోరు తెరిచిన ఎర్రని ముఖం చూసినవాళ్లు మరచిపోరు. దాన్ని వేసిన బారీ గాడ్బర్ వృత్తి చిత్రకారుడు కాడు, కంప్యూటర్ల పని చేసే యువకుడు. రికార్డు వచ్చిన కొద్ది నెలలకే చనిపోయాడు. మొదటి పాటలో వియత్నాం మీద కురిసే నాపాం బాంబుల ప్రస్తావన వున్నది. శాక్సఫోనూ, గిటారూ కలిసి ఒక్క గుక్కలో పరిగెత్తి, ఠక్కున ఆగి, మళ్లీ పరిగెడతాయి. ఇంత కోపాన్ని ఇంత క్రమశిక్షణతో వాయించటం నేను అంతకుముందు వినలేదు. మిగిలిన పాటల్లో మెలట్రాన్ అనే వాద్యం ప్రధానం. మీటకు ఒకటి చొప్పున లోపల టేపు ముక్కలుంటాయి. మీట నొక్కితే ఎప్పుడో ఎవరో వాయించి పెట్టిన వయొలిన్ల మోత సుమారు ఎనిమిది సెకన్లు వస్తుంది. బ్రిటన్‌లో వాద్యకారుల యూనియన్ ఈ యంత్రాన్ని చూసి ఆందోళన పడ్డది. వయొలిన్లు వాయించేవాళ్ల కూడు పోతుందని. రాజు కొలువు పతనాన్ని వర్ణించే పాట వెనక వినిపించేది, పని పోతుందేమోనని భయపడ్డ మనుషుల వేళ్లు మోగించిన తీగలే. ఈ సంగతి తెలిశాక ఆ పాట నాకు ఇంకోలా వినిపించసాగింది.

మా కుర్రాడు ఫిర్యాదు చేసిన పద్దెనిమిది నిమిషాల పాట యస్ బృందంవారి 'క్లోజ్ టు ది ఎడ్జ్', 1972 నాటిది. దాని నిర్మాణం చూసి నేను ఇప్పటికీ ముచ్చటపడతాను. అయితే అందులో ఏమి చెప్పారని అడిగితే నాకు తెలీదు. మరుసటి ఏడు వాళ్లే నాలుగు వైపులకు నాలుగు పాటలతో ఒక జంట ఆల్బం చేశారు. పరమహంస యోగానంద ఆత్మకథలో శ్రుతి స్మృతి పురాణ తంత్రాల గురించి వున్న ఒక అధోజ్ఞాపిక చదివి గాయకుడికి ఆ ఆలోచన వచ్చిందట! మన పురాణాలు మనకే భారమై కూచుంటే ఇంగ్లండు కుర్రాడు అధోజ్ఞాపికనుంచి ఎనభై నిమిషాల సంగీతం పిండాడు. ఆ బృందంలో కీబోర్డు వాయించే రిక్ వేక్‌మన్ మాంచెస్టరు కచేరీలో తనకు పని లేని ఘట్టం వచ్చినప్పుడు వేదికమీదే మాంసం కూర తెప్పించుకుని తిన్నానని తరవాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఆయన 1974లో బృందం వదిలేశాడు. తీరిక ఎక్కువైతే ఏమవుతుందో చెప్పటానికి ఇంతకంటే మంచి దృష్టాంతం నాకు దొరకలేదు.

జెనెసిస్ వారిని కూడా ఇదే లెక్కలో వేద్దామనుకున్నాను. వాళ్లు చార్టర్‌హౌస్ అనే, డబ్బున్నవాళ్ల పిల్లలు చదివే బడిలో కలుసుకున్నవాళ్లు. అటువంటివాళ్లు 1972లో 'ఫాక్స్‌ట్రాట్' ఆల్బంలో 'గెట్ ఎమ్ ఔట్ బై ఫ్రైడే' అనే పాట చేశారు. పాట కాదు, ఎనిమిది నిమిషాల నాటకం. ఇళ్ల వ్యాపారి ఒకడు అద్దెకున్నవాళ్లను శుక్రవారంలోగా ఖాళీ చేయించమని తన మనిషిని పంపుతాడు. అద్దెకున్న ముసలమ్మ రెట్టింపు అద్దె ఇస్తాను, వుండనివ్వండి అంటుంది. ఆమెకు కొంత డబ్బు ముట్టజెప్పి కొత్త వూళ్లో మేడమీద వాటాకు పంపుతారు; తీరా వెళ్లాక అక్కడ అద్దె పెంచుతారు. ఆ తరవాత కథ 2012వ సంవత్సరానికి గెంతుతుంది. మనుషులెవరూ నాలుగడుగులకు మించి ఎదగరాదని ప్రకటన వస్తుంది. ఎంచేతంటే, పొట్టివాళ్లయితే అదే మేడలో రెట్టింపుమందిని కుక్కవచ్చును. 1957 అద్దెల చట్టం తరవాత లండన్‌లో అద్దెదారులను బెదిరించి ఖాళీ చేయించటం పెద్ద కుంభకోణం అయింది. ఆ సత్యాన్ని పెద్దింటి పిల్లలు ఇంత ఖచ్చితంగా పట్టుకోవటం చూసి నేను నా లెక్క మార్చుకున్నాను. వర్గం మనిషి చూపును శాసిస్తుంది గాని కళ్లు పొడిచేయదు.

ఇక 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'. 1973 మార్చిలో వచ్చిన ఈ ఆల్బం గురించి రాయని వాడు లేడు. అది అమెరికా అమ్మకాల పట్టికలో ఏడు వందల వారాల పైన వున్నదని అందరూ చెబుతారు. నాకు కావలసింది ఆ సంఖ్య కాదు. 1972 అంతా వాళ్లు ఈ రచనను వేదికల మీద వాయిస్తూ, మారుస్తూ వచ్చారు. అదే ఏడు మధ్యలో మొదలుపెట్టి 1973 మొదటి దాకా, కచేరీల మధ్య తీరిక దొరికినప్పుడల్లా ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డు చేశారు. కంపెనీ అంత సమయం ఇచ్చింది. డబ్బును గురించిన పాట చిల్లర నాణాలూ, కాగితం చింపటం, దుకాణపు క్యాష్ యంత్రం చప్పుళ్లతో మొదలవుతుంది. ఆ చప్పుళ్లను టేపు ముక్కలుగా కోసి, కొలిచి, అతికించి చుట్టగా తిప్పారు. తాళం ఏడు మాత్రలు. మనవాళ్లకు మిశ్రచాపు కొత్త కాదు గనక నాకు అది విన్న మొదటిరోజే చేతితో వేయటం కుదిరింది. రాక్ సంగీతానికి మాత్రం ఏడు అరుదైన లెక్క. గిటారు విజృంభించే చోట తాళం నాలుగుకు మారి, మళ్లీ ఏడుకు వస్తుంది. డబ్బు గురించి పాడిన ఆ పాటే వాళ్లను కోటీశ్వరులను చేసింది.

అంతకంటే ముఖ్యమైన విషయాలు రెండున్నాయి. రోజర్ వాటర్స్ కొన్ని ప్రశ్నలు అట్టముక్కల మీద రాసి, స్టూడియోలో కనిపించినవాళ్లనల్లా అడిగాడు. నీకు పిచ్చెక్కుతోందా, చావంటే భయమా, ఆఖరిసారి ఎవరినైనా ఎప్పుడు కొట్టావు, ఇలాంటివి. సామాన్లు మోసేవాళ్లు, స్టూడియో గుమ్మం దగ్గర కాపలా వుండే ఐరిష్‌వాడు జెర్రీ ఒడ్రిస్కల్ చెప్పిన జవాబులు ఆల్బం పొడుగునా వినిపిస్తాయి. అదే స్టూడియోలో పని చేస్తున్న పాల్ మెకార్ట్‌నీ జవాబులు మాత్రం వాడలేదు. ప్రసిద్ధుడు జాగ్రత్తగా మాట్లాడాడు, ద్వారపాలకుడు నిజం మాట్లాడాడు. ఆల్బం మొత్తానికీ చివరి మాట అతనిదే.

రెండవది క్లేర్ టారీ సంగతి. మాటలు లేకుండా గొంతుతో మాత్రమే మృత్యువును గురించి ఏడ్చే ఘట్టం ఒకటి వున్నది. ఆమె ఒక ఆదివారం సాయంత్రం వచ్చి, ఏమి పాడాలో ఎవరూ చెప్పకపోగా, తనంతట తను అల్లుకుని పాడి, ముప్ఫై పౌన్లు తీసుకుని వెళ్లింది. ఆదివారం గనక రెట్టింపు కూలీ. స్వరకర్తగా రిక్ రైట్ పేరొకటే వేశారు. ముప్ఫై ఏళ్లు గడిచాక, 2004లో ఆమె కోర్టుకెక్కింది. 2005లో రాజీ కుదిరి, ఆమె పేరు కూడా స్వరకర్తగా చేరింది. రోజుకూలీకి వచ్చిన గాయని చేసింది సృష్టా, సేవా అన్న ప్రశ్న ఈ ఒక్క ఘట్టంలో తేలింది. మన సినిమా వాద్యగోష్ఠుల్లో తరతరాలుగా వాయించినవాళ్లు ఎందరు ఇటువంటి ప్రశ్న వేయగలిగారు?

వాటర్స్ తండ్రి బడిపంతులు. యుద్ధానికి మొదట వ్యతిరేకి, తరవాత కమ్యూనిస్టు పార్టీలో చేరి, ఫాసిజాన్ని ఎదిరించాలని సైన్యంలోకి వెళ్లి 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని ఆంజియోలో చనిపోయాడు. కొడుకు అప్పటికి పసివాడు. 1977 జనవరిలో వచ్చిన 'ఆనిమల్స్' ఆల్బంలో ఆ వారసత్వం బాహాటంగా కనిపిస్తుంది. ఆర్వెల్ 'జంతువుల కోట' సోవియట్ వ్యవస్థ మీద ఎక్కుపెట్టినది. వాటర్స్ ఆ జంతువులనే తెచ్చి, తన దేశపు పెట్టుబడిదారుల మీదికి తోలాడు. కుక్కలు, పందులు, గొర్రెలు. అట్టమీద బాటర్‌సీ విద్యుత్ కేంద్రపు నాలుగు పొగగొట్టాలు, మధ్య ఎగిరే పంది. ఫోటోలు తీసే రోజున, 1976 డిసెంబరులో, గాలి నింపిన ఆ పంది తాళ్లు తెంచుకుని లండన్ విమానాల దారిలోకి ఎగిరిపోయి, చివరికి కెంట్ ప్రాంతంలో ఒక రైతు పొలంలో దిగింది. ఆ విద్యుత్ కేంద్రం 1983లో మూతపడి, నలభై ఏళ్లు పాడుపడి, 2022లో ఖరీదైన నివాసాలూ, దుకాణాలుగా మళ్లీ తెరుచుకున్నది. ఆ అట్టకు ఇంతకన్నా వ్యాఖ్యానం అక్కరలేదు.

తరవాతి ఆల్బం 'ది వాల్' (1979) నాకు అంత ఇష్టం కాదు. సొంత దుఃఖం ఎక్కువ. కాని అందులో బడిపిల్లల బృందగానం వున్న పాటను 1980లో దక్షిణాఫ్రికాలో బడులు బహిష్కరించిన నల్లజాతి విద్యార్థులు తమ పాటగా ఎత్తుకున్నారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. లండన్‌లో ఆ పాట పాడిన ఇజ్లింగ్టన్ గ్రీన్ బడి పిల్లలకు మాత్రం అప్పుడు రాయల్టీ రాలేదు. బడికి వెయ్యి పౌన్లు వచ్చాయి.

ఇప్పుడు కంపెనీ సంగతి. రిచర్డ్ బ్రాన్సన్ పెట్టిన వర్జిన్ అనే కొత్త ముద్ర 1973 మే నెలలో మొదటి రికార్డుగా మైక్ ఓల్డ్‌ఫీల్డ్ 'ట్యూబులర్ బెల్స్' విడుదల చేసింది. రెండు వైపులా రెండే రచనలు. వాద్యాల్లో చాలావరకు ఇరవై ఏళ్లు నిండీ నిండని ఆ కుర్రాడే వాయించాడు. లక్షల కొద్దీ అమ్ముడయింది. ఆ డబ్బు మీద కట్టిన కంపెనీని 1992లో సుమారు 50 కోట్ల పౌన్లకు అమ్మారు. అదే 1973లో అదే ముద్ర కింద మొదటి ఆల్బం చేసినవాళ్లు హెన్రీ కౌ. వాళ్లకు డబ్బు రాలేదు. కాని నాకు ఈ చరిత్రలో అందరికంటె గౌరవం వాళ్లమీదే. ప్రతి నిర్ణయమూ సమావేశంలో చర్చించేవారు. ఈ సంగీతం దాదాపు మగవాళ్ల రాజ్యంగా వున్న రోజుల్లో, 1976 నాటికి వాళ్ల ఆరుగురు వాద్యకారుల్లోనూ గాయకుల్లోనూ ముగ్గురు స్త్రీలు. 1975 నాటి ఆల్బం 'ఇన్ ప్రెయిజ్ ఆఫ్ లెర్నింగ్' పేరు బ్రెహ్ట్ కవిత పేరే. అందులో టిమ్ హాడ్జ్‌కిన్సన్ రాసిన పదిహేను నిమిషాల రచన వున్నది. డాగ్‌మార్ క్రౌజే గొంతులో ఆ జర్మన్ యాస, బసూన్ మూలుగు, తెగి తెగి పోయే లయ. మొదటిసారి వింటే కష్టం. అయిదోసారి కూడా కొంత కష్టమే. సామాన్యుడికి అర్థంకాని దాన్ని ప్రజాకళ అనగలమా అని మనం చేసుకునే తగాదా వాళ్లలోనూ జరిగింది. ఇటలీలో కమ్యూనిస్టు పార్టీ పత్రిక జరిపే 'ఉనితా' ఉత్సవాల్లో, కూలీనాలీ పిల్లాజెల్లా కూచున్న మైదానాల్లో వాళ్లు ఇదే సంగీతం వాయించారు. కంపెనీతో తెగతెంపులయ్యాక 1978 మార్చి 12న లండన్‌లో, వెయ్యి పౌన్ల సర్కారీ కళానిధి సాయంతో, ఇటలీ, స్వీడన్, బెల్జియం, ఫ్రాన్సు దేశాలనుంచి మరి నాలుగు బృందాలను పిలిచి 'రాక్ ఇన్ అపోజిషన్' అని ఒక ఉత్సవం చేశారు. కంపెనీలు వద్దన్న సంగీతానికి వినేవాళ్లున్నారని చూపటం దాని ఉద్దేశం. ఏడు తిరక్కుండా హెన్రీ కౌ విడిపోయింది. డ్రమ్ములు వాయించే క్రిస్ కట్లర్ మాత్రం రికార్డులు పంచే సొంత సంస్థ పెట్టి పని కొనసాగించాడు.

ఒక్కటే ఆల్బం వుంచుకుని తక్కినవి ఇచ్చేయమంటే నేను రాబర్ట్ వయట్ 'రాక్ బాటం' వుంచుకుంటాను. వయట్ సాఫ్ట్ మెషీన్ బృందంలో డ్రమ్ములు వాయించేవాడు. 1973 జూన్ 1న ఒక విందులో మేడమీది కిటికీనుంచి పడి, నడుము కింద చచ్చుబడిపోయింది. స్టోక్ మాండెవిల్ ప్రభుత్వాసుపత్రిలో నెలల తరబడి వున్నాడు. అక్కడ రోగులను చూడవచ్చేవారి గదిలో పాత పియానో ఒకటి వుంటే దానిమీద ఈ ఆల్బంలో పాటలకు కొంత రూపం ఇచ్చుకున్నాడు. పింక్ ఫ్లాయిడ్ వారు అతని కోసం కచేరీ చేసి డబ్బు పోగుచేశారు. ఆ బృందంలోని నిక్ మేసన్ ఆల్బం నిర్మించాడు. 1974 జూలై 26న ఆల్బం వచ్చింది. అదే రోజున వయట్, ఆల్ఫ్రెడా బెంజ్ పెళ్లి చేసుకున్నారు. ఆరు పాటలు. డ్రమ్ము కాలితో తొక్కే మనిషికి కాళ్లు పోయాక లయ ఎలా మారుతుందో ఇందులో వినవచ్చును. పాట నీళ్లలో తేలినట్టు పోతుంది. మాటలు కొన్నిచోట్ల పసిపిల్లవాడి వూసులవుతాయి. దుఃఖం చాలా వున్నది గాని జాలి పడమని అడగటం ఎక్కడా లేదు. తీరిక అన్నానే, ఈ ఆల్బంలో వున్న తీరిక రోగిది. ప్రజల డబ్బుతో నడిచే ఆసుపత్రి ఆ రోగికి వైద్యంతోపాటు సమయమూ ఇచ్చింది. ఆసుపత్రి బిల్లు కట్టవలసి వుంటే ఈ ఆల్బం వుండేదా అన్నది నా సందేహం. వయట్ 1970ల చివర బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. తరవాత చేసిన చిన్న రికార్డుల్లో ఒకదానికి రెండోవైపు లండన్ తూర్పు పేటల్లో వుండే బెంగాలీ బృందం పాడిన కార్మిక సంఘం పాట వేశాడు. రికార్డుకు రెండో వైపు తను పాడుకోక, ఇంకొకరికి ఇవ్వటం!

ఇటలీలో ఈ సంగీతం విద్యార్థుల గదుల్లోనుంచి వీధుల్లోకి నడిచింది. ఆరియా బృందం 1973 నాటి మొదటి ఆల్బానికి ఆష్విట్జ్ ద్వారం మీద నాజీలు రాసిన నినాదాన్నే పేరు పెట్టి, పాలస్తీనా ప్రజల సమస్యతో మొదలుపెట్టింది. దాని గాయకుడు దెమెత్రియో స్త్రాతోస్ ఈజిప్టులో పుట్టిన గ్రీకువాడు. అరబ్బుల, బాల్కన్ల బాణీలు అతని గొంతులో సహజంగా పలికేవి. 1974లో 'అంతర్జాతీయ గీతం' కూడా రికార్డు చేశారు. అతనికి జబ్బు చేస్తే వైద్యం ఖర్చులకని 1979 జూన్ 14న మిలాన్‌లో పెద్ద కచేరీ ఏర్పాటు చేశారు. అతను ముందు రోజే న్యూయార్కులో చనిపోయాడు. కచేరీ సంతాపసభగా జరిగింది. అదే మిలాన్‌లో స్టార్మీ సిక్స్ అనేవాళ్లు 1975లో 'ఒక ట్రాం టికెట్టు' అనే ఆల్బంలో ఫాసిస్టు వ్యతిరేక పోరాటాన్నీ, స్టాలిన్‌గ్రాడునూ, 1943 మార్చిలో ఉత్తర ఇటలీ ఫ్యాక్టరీల్లో జరిగిన సమ్మెలనూ పాటలు కట్టారు. రికార్డుల కోసం వాద్యకారుల సహకార సంఘం పెట్టుకున్నారు. పగలంతా పని చేసి వచ్చి రాత్రి బుర్రకథ ముందు కూచున్న మన కూలీలకు ఇది ఆశ్చర్యంగా వుండదు. తీరిక వుండి వినటం ఒకటి, నిద్ర మానుకుని వినటం ఒకటి. ప్రజానాట్యమండలి 1940ల్లో నమ్ముకున్నది రెండోదాన్ని.

సోషలిస్టు దేశాల్లో మరి ఈ కుర్రవాళ్లకు తీరిక దొరకలేదా అంటే, దొరికింది. చదువు ఉచితం, ఉద్యోగం ఖాయం. కాని 1975 సెప్టెంబరులో తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లో అధికారులు రెన్‌ఫ్ట్ అనే రాక్ బృందాన్ని పిలిచి, మీ బృందం ఇక లేదు అని చెప్పారు. నిషేధించాం అని కూడా కాదు, లేదు అని! వాళ్ల పాటలు రాసే గెరుల్ఫ్ పన్నాఖ్‌ను తరవాతి ఏడు జైల్లో పెట్టి, ఆ తరవాత దేశం దాటించారు. కూడూ గుడ్డా ఇచ్చిన చెయ్యే నోరు మూసింది. మనం ఈ సంగతిని సాధారణంగా రాయం. రాయకపోతే, వర్జిన్ కంపెనీని విమర్శించే హక్కు మనకు మిగలదు.

జాబితాలో చివరిది చిలీ దేశపు లోస్ హైవాస్ వారి 'మాచు పిచు శిఖరాలు', 1981. 1973 సెప్టెంబరు 11న సైన్యం అయెందే ప్రభుత్వాన్ని కూలదోసింది; పన్నెండు రోజులకు నెరూడా చనిపోయాడు. ఈ బృందం ముందు అర్జెంటీనాకు, 1977లో ఫ్రాన్సుకు వలసపోయింది. అక్కడ, అందరూ కుటుంబాలతో ఒకేచోట వుంటూ, నెరూడా దీర్ఘకావ్యానికి సంగీతం కట్టారు. ఆండీస్ పర్వతాల పిల్లనగ్రోవులు, చారంగో, వాటి పక్కన పియానో, మూగ్ సింథసైజరు. ఆ రాళ్లు పేర్చిన మనుషులెక్కడ అని కవి మాచు పిచు శిథిలాలను అడుగుతాడు. తాజమహలు గురించి శ్రీశ్రీ 'దేశచరిత్రలు'లో వేసిన ప్రశ్నకు ఇది తోబుట్టువు. ఇంగ్లీషు బృందాలు రాజులూ, మంత్రగాళ్లూ అంటూ కల్పనా లోకాల్లో తిరుగుతూండగా, ఇల్లు పోగొట్టుకున్న వీళ్లకు కల్పించుకోవలసిన అవసరం లేకపోయింది. దీర్ఘరూపం ఇక్కడ అలంకారం కాదు. చెప్పవలసింది అంత వున్నది.

ఈ సంగీతాన్ని పంక్ చంపిందని అందరూ రాస్తారు. 1976-77లో జానీ రాటెన్ పింక్ ఫ్లాయిడ్ బనీను మీద 'అసహ్యం' అని రాసుకుని తిరిగిన మాట నిజం. ఆయనే 1977లో రేడియోలో తనకిష్టమైన పాటలు వేసినప్పుడు ప్రోగ్రెసివ్ గాయకుడు పీటర్ హామిల్ పాటలు వేశాడు. చంపింది బనీను కాదు. 1976 నాటికి బ్రిటన్‌లో నిరుద్యోగులు పది లక్షలు దాటారు, 1982లో ముప్ఫై లక్షలు. ఉద్యోగం లేనివాడికి బోలెడు సమయం వుంటుంది గాని దాన్ని తీరిక అనరు. కంపెనీలు ఏడాదిపాటు స్టూడియో ఇవ్వటం తగ్గించాయి. విద్యార్థి భృతి మరికొంత కాలం ఈడ్చింది; 1998లో ఫీజులు పెట్టి, మరుసటి ఏడు భృతి ఎత్తేసి, దాని స్థానంలో అప్పు పెట్టారు. ఇప్పుడు స్పాటిఫై వంటి చోట పాట ముప్ఫై సెకన్లు మోగితే ఒకసారి విన్నట్టు లెక్క. పద్దెనిమిది నిమిషాల పాటకూ, రెండు నిమిషాల పాటకూ ఒకే లెక్క. ఈ లెక్క తెలిసిన ఏ కుర్రాడు పెద్ద పాట కడతాడు?

ఈ సంగతులన్నీ మా కుర్రాడికి చెప్పాను. మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. 'రాక్ బాటం' పెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు, మధ్యలో ఒకసారి, "ఈయన ఊపిరే తాళంగా వేశాడా మాస్టారూ?" అని అడిగాడు. నేను ఇన్నేళ్లలో గమనించని సంగతి అది. అయిదో పాట సగంలో వుండగా అతని ఫోను మోగింది. ఎక్కడో ఎవరికో బిర్యానీ కావాలి. ఆరో పాట మళ్లీ వచ్చినప్పుడు వింటానని చెప్పి, బండి తీసుకుని వెళ్లాడు.